బస్సు పడని పిల్లతో కరీంనగర్‌కు

శనివారం తెల్లవారుతుండగా హనుమకొండ బస్టాండులో కరీంనగర్ బస్సు టాపు మీదికి రెండు సైకిళ్లు ఎక్కించి, తాళ్లతో బిగించి కిందికి దిగేసరికి నా చీర కుచ్చిళ్లకు గ్రీజు అంటుకుంది. బస్సు ఇంకా కదలనే లేదు.

నేను ఎందుకు బస్సు టాపు ఎక్కవలసి వచ్చిందో ముందు చెప్పాలి. డెబ్బైల మొదట్లో నేను సైకిల్ పందేల్లో పాల్గొన్నదాన్ని. మా నాన్న ఊరూరూ తిరిగి వాక్యం చెప్పే సువార్తికుడు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఆయన సైకిల్ మీదే నేర్చుకున్నాను. జిల్లాలో రెండేళ్లు వరసగా మొదటి బహుమతి నాదే. హైదరాబాద్‌లో కూడా ఒకసారి కప్పు అందుకున్నాను. తరువాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్ ఉద్యోగం. ఎనభైల మొదట్లో, నేను చెబుతున్న ఈ ప్రయాణం నాటికి, నేను పందెంలో తొక్కి పదేళ్లు దాటింది.

కరీంనగర్‌లో ఆడపిల్లల సైకిల్ పందెం పెడుతున్నారని, మొదటి ఇద్దరిని రాష్ట్రస్థాయికి పంపుతారని కబురు వచ్చిన వారానికి మా బడి డ్రిల్ సారు స్నానాలగదిలో జారి భుజం విరగ్గొట్టుకున్నారు. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, "కరుణా, నువ్వు ఒకప్పుడు తొక్కినదానివి కదా, నువ్వే కోచ్‌వి" అన్నారు. అడగటం కాదు, చెప్పటం. ఇంటికి వచ్చి మావారు ప్రభుదాసుతో చెబితే ఆయన పేపరు దించకుండానే, "నువ్వు తొక్కుతవా, తొక్కిపిస్తవా?" అన్నారు. "తొక్కిపిస్తా" అన్నాను. "గట్లయితే సరే. దెబ్బలు ఆ పిల్లకు తగుల్తయ్" అన్నారు.

ఆ పిల్ల పేరు సమ్మక్క. తొమ్మిదో తరగతి. హసన్‌పర్తి అవతల ఊరు. పొద్దున్నే సైకిల్‌కు రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని హనుమకొండ దాకా వచ్చి, ఇళ్లలో పాలు పోసి, క్యాన్లు బడి వాచ్‌మన్ గదిలో పెట్టి క్లాసుకు వచ్చేది. మా ఇంటికి కూడా పాలు తనే పోస్తుంది. స్కూటర్లను దాటేసే పాలపిల్లను మా వరండాలోంచి రోజూ చూస్తున్నాను కాబట్టి ఎవరిని తీసుకువెళ్లాలన్న సందేహం నాకు రాలేదు. ఆమెకు ఉన్నది ఒకటే వేగం. ఎండ ఎక్కి పాలు విరగకముందే చేరాలి, అంతే.

తండ్రి ఒప్పుకున్నాడుగానీ ఒక షరతు పెట్టాడు. తన తల్లి కొమురమ్మ కూడా వెంట ఉండాలి. సమ్మక్క ఆమెను బాపమ్మ అని పిలుస్తుంది, అందుకని రెండు రోజుల్లో నాకూ బాపమ్మే అయింది. గోచి పోసి కట్టిన ముతక చీర, కాళ్లకు కడియాలు, చంకలో జొన్నరొట్టెల మూట. మేడారం జాతరకు ఎడ్లబండి మీద ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. బస్సు ఎక్కడం మాత్రం ఆమెకు అంతగా అలవాటు లేదు. అందుకే డ్రైవర్ వెనక సీటు పట్టుకుని, అతను సరిగ్గా తోలుతున్నాడో లేదో చూస్తూ కూర్చుంది.

ఆరు దాటాక బస్సు కదిలింది. మా పక్క సీటులో ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని ఇంటికి పోతున్న రైతు ఒకాయన ఖాళీ సంచుల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ అన్న మాటేగానీ వాటిలో దుమ్ము అలాగే ఉంది. బస్సు కుదుపు ఇచ్చినప్పుడల్లా ముందు మూడు వరసలూ తుమ్ముతున్నాయి.

భీమారం దాటేసరికి సమ్మక్క మొహం పాలిపోయింది. హసన్‌పర్తి దగ్గర కిటికీలోంచి తల బయట పెట్టింది. నేను వీపు నిమురుతూ, "పొద్దున ఏం తిన్నవ్?" అని అడిగాను.

"ఏం తినలే టీచర్. నాకు బస్సు పడదు."

"ఈ మాట ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వేరేటోళ్లను తీస్కపోతరని."

ఇంకా ఏదో అనబోయేంతలో రెండోసారి వాంతి వచ్చింది. నా వైపు తిరిగి ఉన్న పిల్ల, కిటికీ అందక కంగారులో పక్కాయన సంచిలో మొహం దూర్చింది. ఆయన "బిడ్డా, అండ్ల మిరుపకాయ ఉన్నది, మొకం పెట్టకు!" అని అరిచేలోపే ఆలస్యమైపోయింది. ఆ తరువాత సమ్మక్క కక్కుతూ తుమ్మింది, తుమ్ముతూ ఏడ్చింది. బస్సంతా లేచి నిలబడింది. కండక్టర్ తాడు గుంజి గంట కొట్టాడు.

ఎల్కతుర్తి ఇంకా రాలేదు. రోడ్డు పక్క పత్తిచేను, ఒక తుమ్మచెట్టు. అందరం దిగాం. నీళ్లతో మొహం కడిగాక పిల్ల రెండు నిమిషాల్లో మామూలు మనిషయింది. కానీ బస్సు తలుపు వైపు చూస్తే చాలు, మళ్లీ మొహం మారిపోతోంది.

"నేను సైకిల్ మీద వస్త టీచర్. మీరు బస్సుల పోయి ఉండున్రి" అంది.

కరీంనగర్ ఇంకా యాభై కిలోమీటర్ల పైమాటే. పందెం మరునాడు పొద్దున. కోచ్ అన్నవాళ్లెవరూ ముందురోజు పిల్లతో అంత దూరం తొక్కించరు. వెనక్కి పోదామా అన్నాను. సమ్మక్క కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి మిర్చికి కాదు. బస్సులో వాళ్లు తలా ఒక మాట చెప్పారు. నిమ్మకాయ వాసన చూపించమని ఒకరు, కళ్లు మూసుకోమని ఒకరు, టాపు మీద సైకిళ్లతో పాటు కట్టెయ్యమని ఇంకొకరు. చివరికి తీర్పు బాపమ్మ చెప్పింది.

"పిల్ల సైకిల్ మీదనే రానియ్యి. కని ఒక్కతె రోడ్డు మీద పోవద్దు. టీచరమ్మా, నువ్వు సుత తొక్కు. రెండో సైకిల్ ఉన్నది గదా."

రెండో సైకిల్ నాదే. అవసరమైతే చక్రమో చైనో విప్పి వాడుకోవచ్చని వెంట తెచ్చాను. నేనే అవసరమవుతానని అనుకోలేదు.

"నేను చీరలో ఉన్నాను బాపమ్మా."

"నేను దేంట్ల ఉన్న? జర ఇటు రా" అని నా చెయ్యి పట్టుకుని తుమ్మచెట్టు వెనక్కి తీసుకుపోయింది. నాలుగు గుంజులు గుంజి, కుచ్చిళ్లు కాళ్ల మధ్య నుంచి తీసి నడుము వెనక దోపింది. నాట్లేసే ఆడవాళ్లు కట్టే గోచి అది. బయటికి వచ్చాక కండక్టర్ తల తిప్పుకున్నాడు. మిర్చి రైతు మాత్రం, "గిప్పుడు మంచిగున్నది" అన్నాడు మర్యాదగా. సైకిళ్లు దింపించుకున్నాం. బస్సు వెళ్లిపోయింది, కిటికీలోంచి బాపమ్మ చెయ్యి, ఆ చేతిలో మా రొట్టెల మూట కూడా వెళ్లిపోయాయి.

మొదటి అయిదు కిలోమీటర్లు నేను కోచ్‌గానే ఉన్నాను. "మెల్లగా పోవాలి సమ్మక్కా, కాళ్లు రేపటికి దాచుకోవాలి" అని చెప్పాను. సమ్మక్క "సరే టీచర్" అని ముందుకు దూసుకుపోయింది. కొంత దూరం పోయి రోడ్డు కింద కాలవ పోయే ఏదో మోరీ గోడ మీద కూర్చుని నా కోసం చూస్తుంది. నేను రొప్పుతూ చేరగానే, "మంచిగున్నరా టీచర్?" అని అడిగి మళ్లీ ఎగిరిపోతుంది. ఎదురుగాలి మొదలయింది. నా తొడలు పదేళ్ల సంగతులన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేస్తున్నాయి.

మూడో మోరీ దగ్గర దిగి చెప్పాను. "నా వెనక్కి రా. నా వెనక చక్రానికి జానెడు దూరంలో నీ ముందు చక్రం పెట్టు. నేను ఎంత పోతే నువ్వు అంతే. గాలి నాకు తగులుతుంది, నీకు తగలదు."

"గాలి మీకెందుకు తగలాలె టీచర్?"

"రేపు ఇంకొకరికి తగిలిద్దాం. ఇయ్యాల నేర్చుకో."

అది ఆమెకు నచ్చింది. మొదట రెండుసార్లు నా చక్రాన్ని రాసుకుని ఇద్దరం పడబోయాం. తరువాత కుదిరింది. వెనక చప్పుడే లేదు. ఉందా లేదా అని తిరిగి చూస్తే, నా చీర కొంగు గాలికి పోయి మొహానికి కొట్టుకుంటున్నా పక్కకు జరగకుండా అక్కడే ఉంది.

హుజూరాబాద్ చేరేసరికి తొమ్మిది దాటింది. బస్టాండు ముందు పదిమంది నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. మమ్మల్ని చూడగానే చప్పట్లు కొట్టారు. హోటలాయన ఎదురొచ్చి, "సైకిల్ మీద బొంబయి పోయేది మీరేనా అక్కా?" అన్నాడు.

"కరీంనగర్."

"ఇప్పటికైతే కరీంనగరేలే. తర్వాత బొంబయేనట గదా. బస్సుల ముసలామె చెప్పింది."

ఎంత చెప్పినా వినలేదు. ఇడ్లీలు పెట్టించాడు, చాయ్ తాగించాడు. ఎవరో సమ్మక్క చేతికి నిమ్మకాయలు ఇచ్చారు. బాపమ్మ బస్సు ఆగిన చోటల్లా మా గురించి చెబుతూ పోతోందని అప్పుడర్థమైంది. ఆమె చెప్పినదానికి కండక్టర్ కొంత, ప్రయాణికులు కొంత కలుపుతున్నారు. మా వార్త మాకంటే ముందు పోతోంది, పోయినకొద్దీ మారిపోతోంది.

కేశవపట్నం దగ్గర బోరింగు కాడ నీళ్లు పడుతున్న ఆడవాళ్లు మమ్మల్ని ఆపారు. ఒకామె బిందె దించి సూటిగా అడిగింది. "ఆపరేషన్ల గురించి చెప్పెటందుకు అచ్చిన్రా? సర్కారోళ్లు సైకిళ్ల మీద పంపిచ్చిన్రట."

"లేదమ్మా, మేము పందానికి పోతున్నం."

"నాకైతే ఎప్పుడో అయిపోయింది. గీమెకు చెప్పు, అయిదుగురు పిల్లలు" అని పక్కామెను ముందుకు తోసింది. పక్కామె, "నాకు చెప్పుడేంది, మా ఆయనకు చెప్పున్రి, గా చెట్టు కింద కూసున్నడు" అని చూపించింది. నీళ్లు తాగి బయటపడేసరికి ఆ చెట్టు కింద మనిషి లేచి పొలాల్లోకి నడిచిపోతున్నాడు.

మానకొండూరులో సంగతి ముదిరింది. చౌరస్తాలో ఒక పెద్దమనిషి చేతికర్ర అడ్డం పెట్టి సైకిళ్లు ఆపాడు. వెనక ఇరవై మంది. ఆయన నన్ను వదిలేసి సమ్మక్కను పైనుంచి కిందికి చూశాడు.

"లగ్గం ఇష్టం లేక సైకిల్ ఎక్కి ఉరికిన పిల్ల నువ్వేనా? పొద్దుగాల మీ బాపమ్మ బస్సుల ఏడ్సుకుంట పోయింది."

"ఏడ్వలే. ఆమెకు తుమ్ములు" అంది సమ్మక్క.

"మరి గీమెవరు? ఉరికిచ్చుకపోయేటామెనా?"

నేను లెక్కల టీచర్‌నని చెప్పాను. గోచి పోసి, చెమటతో, ఒంటినిండా దుమ్ముతో ఉన్న మనిషి ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? పోలీసులకు కబురు పంపుదామని ఒకరన్నారు. రుజువుగా, పందెం కోసం మెడలో వేసుకున్న విజిల్ తీసి చూపించాను. దాంతో నేను బస్సు కండక్టర్‌నని కొత్త అనుమానం పుట్టింది. ఎండ నెత్తికెక్కుతోంది. నాకు ఏడుపు వచ్చే పరిస్థితి. అంతలో జనం వెనక నుంచి కూరగాయల గంప దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ గట్టిగా అంది.

"ఇష్టం లేని లగ్గమైతే ఉరుకక ఏం జేస్తది? మాకు సైకిల్ లేకపాయె. పోనియ్యిన్రి."

ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. పెద్దమనిషి కర్ర ఎత్తేశాడు. సమ్మక్క ఆ ముసలమ్మకు దండం పెట్టి, పెళ్లి సంగతి అబద్ధమని చెప్పబోయింది. నేను ఆపాను. ఆ అబద్ధం వల్లే దారి దొరికింది మరి.

అలుగునూరు దాటి మానేరు వంతెన ఎక్కినప్పుడు చల్లగాలి తగిలింది. మధ్యాహ్నం ఒంటిగంటకు కరీంనగర్ బస్టాండు. బాపమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది, చుట్టూ వినేవాళ్లు. మమ్మల్ని చూసి, "గింత లేటా? రొట్టెలు ఎండిపాయె" అని కసిరింది.

పందెం పెట్టినవాళ్లు ఒక బడిలో గది ఇచ్చారు. బల్లలు జరిపి చాప పరుచుకున్నాం. కోచ్‌లు పిల్లల కాళ్లకు నూనె రాస్తారని నేను నూనె సీసా తెచ్చాను. ఆ సాయంత్రం ఆ నూనెతో నా మోకాళ్లు పిసికింది సమ్మక్క. గుమ్మం దగ్గర నిజామాబాద్ నుంచి వచ్చిన కోచ్ సారు ఒకాయన ఆగి చూసి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున పందెం మొదలయ్యే చోట ఎనిమిది మంది అమ్మాయిలు. ఊరి బయట రోడ్డు మీద పోయి, ఒక డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. అందరిలో పొడుగుపిల్ల నిజామాబాద్ నుంచి వచ్చిన సరళ. పిక్కలు చూడగానే నాకు అర్థమైంది. సమ్మక్క చెవిలో చెప్పాను. "ఆ పొడుగుపిల్ల వెనక జానెడు దూరంలో ఉండు. ఎంత మెల్లగా అనిపించినా ముందుకు పోకు. నేను జీపులో వెనకే ఉంటా. విజిల్ ఊదినప్పుడు పో."

"మీరు ఊదేదాక పోను టీచర్" అంది. ఆ మూడో మోరీ దగ్గర నుంచి చెప్పింది చేస్తున్న పిల్ల. అదే కొంప ముంచింది.

జీపు దగ్గరికి పోతే ముఖ్య అతిథి, ఆయన భార్య, బావమరిది, బావమరిది పిల్లలు ఎక్కి కూర్చున్నారు. "జాగ లేదు టీచర్" అన్నారు. పందెం మొదలయింది. అమ్మాయిలు పోయారు, జీపు పోయింది. విజిల్ మెడలో వేసుకుని నేను గీత దగ్గర నిలబడ్డాను. బాపమ్మ అడిగింది. "నువ్వు పోవా?"

"జాగ లేదట."

"మరి పీక ఎవలు ఊదుతరు?"

అప్పుడు నాకు తట్టింది. నేను ఊదకపోతే ఆ పిల్ల గీత దాటేదాకా వెనకే ఉంటుంది. "బాపమ్మా, గోచి!" అన్నాను. ఆమె రోడ్డు మీదే, అంతమంది ముందు, నాలుగు గుంజుల్లో పని ముగించింది. నా సైకిల్ ఎక్కి వాళ్లు పోయిన వైపు పడ్డాను. వెనక నుంచి ఎవరో "అమ్మా, పెద్దోళ్లకు పందెం లేదు!" అని అరిచారు.

అంత గట్టిగా పెళ్లికి ముందు కూడా తొక్కలేదేమో. రోడ్డు కాస్త ఎత్తెక్కి మలుపు తిరిగే చోట వాళ్లు తిరిగి వస్తూ కనబడ్డారు. సరళ ముందు, జానెడు దూరంలో సమ్మక్క, మిగతావాళ్లు చాలా వెనక. సైకిల్ రోడ్డు పక్కన పడేసి నిలబడ్డాను. సరళ వెనక్కి తిరిగి తిడుతోంది.

"ఎంతసేపు నా ఎనుకనే ఉంటవే? ముందుకు రా!"

"మా టీచర్ ఇంక రాలేదక్కా" అంటోంది సమ్మక్క వినయంగా.

విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాను. ఊపిరి లేదు. గాలి మాత్రం వచ్చింది, చప్పుడు రాలేదు. మళ్లీ ఊదాను, మళ్లీ గాలే. వాళ్లు నన్ను దాటిపోతున్నారు. విజిల్ ఉమ్మేసి ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. "సమ్మక్కా! పాలు విరుగుతానయ్! పో!"

ఆ పిల్ల సీటు మీంచి లేచింది. నేను ఇన్నేళ్లు వరండాలోంచి చూసిన సమ్మక్క అప్పుడు కనబడింది. సరళ కూడా నా అరుపు విన్నది, ఆమె కూడా లేచింది. ఇద్దరూ పక్కపక్కనే మలుపు తిరిగి కనబడకుండా పోయారు. ఆ తరువాత ఏం జరిగిందో నేను చూడలేదు. రోడ్డు మీదే కూలబడ్డాను.

గీత దగ్గరికి తిరిగి వచ్చేసరికి బాపమ్మ జడ్జీలతో గొడవ పడుతోంది. సరళ ఒక చక్రం తేడాతో మొదట వచ్చింది. సమ్మక్క రెండోది. నేను ఏ మొహం పెట్టుకుని దగ్గరికి పోవాలో తెలియక ఆగిపోయాను. నేను సమయానికి అక్కడ ఉండి ఉంటే ఆ చక్రం తేడా ఇటు ఉండేది. సమ్మక్క తనే వచ్చి నా కొంగుతో మొహం తుడుచుకుని, "జర ముందుగల అరిస్తే అయిపోతుండె టీచర్" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కానీ నవ్వుతోంది. "ఇద్దరినీ తీసుకున్నరట. స్టేట్‌కు."

సరళ నీళ్లు తాగుతూ వచ్చింది. "ఈసారి నేను నీ ఎనుక ఉంట, సూడు" అని సమ్మక్క జడ పట్టి గుంజి పోయింది. బహుమతిగా ఇచ్చిన స్టీలు డబ్బాను బాపమ్మ గోటితో కొట్టి చప్పుడు విని, మూత బిగుతుగా ఉందో లేదో చూసి మూటలో కట్టుకుంది.

సోమవారం తెల్లవారగానే తిరుగు ప్రయాణం. బాపమ్మను హనుమకొండ బస్సు ఎక్కించాం. ఎవరికీ ఏమీ చెప్పొద్దని బతిమాలాను. "నేను ఎవరికి చెప్త?" అంది, కూర్చుంటూనే పక్కనామె వైపు తిరుగుతూ.

గాలి ఈసారి వెనక నుంచి వీచింది. మానకొండూరు చౌరస్తాలో పెద్దమనిషి కర్ర ఎత్తి పలకరించాడు. హుజూరాబాద్‌లో మళ్లీ ఇడ్లీలు. అక్కడ చెయ్యి కడుక్కుంటూ సమ్మక్క అడిగింది. "టీచర్, మీరెందుకు బంద్ చేసిన్రు?"

"ఎవరూ బంద్ చెయ్యమనలేదు. ఒకరోజు పిల్లకు జ్వరం, ఒకరోజు వాన, ఒకరోజు చుట్టాలు. తరువాత సైకిల్ టైరులో గాలి పోయింది."

"గాలి కొట్టుకుంటే అయిపోయేది" అంది ఆ పిల్ల, తప్పు పట్టినట్లు కాదు, మామూలుగా.

ఈ దారిన పోదలచినవాళ్లకు నాలుగు మాటలు. చలి పూర్తిగా పోకముందే పొండి. హుజూరాబాద్ బస్టాండు ముందు ఇడ్లీలు మెత్తగా ఉంటాయి, చట్నీ కారం. కేశవపట్నం బోరింగు నీళ్లు తియ్యన. రోడ్డు చాలావరకు చదునే, ఉన్న ఎత్తులు కంటికి కనబడవు, మోకాళ్లకే తెలుస్తాయి. ఆడవాళ్లయితే ఎక్కడికి, ఎందుకు, ఇంట్లో చెప్పి వచ్చారా అని దారిపొడవునా అడుగుతారు. కోపం వద్దు. అడిగినవాళ్లే నీళ్లు కూడా ఇస్తారు.

హసన్‌పర్తి దగ్గర సమ్మక్క తన ఊరి దారి పట్టింది. "రేపు పాలు తెస్త టీచర్" అని చెయ్యూపింది. నేను ఒక్కదాన్నే భీమారం దాటి మా నయీంనగర్ చేరాను. మా వీధి మలుపులో ప్రభుదాసు నిలబడి ఉన్నారు. రెండు బస్సులు చూశారట, మూడోదాని కోసం చూస్తున్నారు. గోచితో, దుమ్ముతో సైకిల్ మీద వస్తున్న మనిషిని ముందు ఆయన పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చెయ్యి ఎత్తి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు.

నేను బ్రేకు మీద వేళ్లు పెట్టాను. నొక్కలేదు.

"ఏయ్ కరుణా! ఇల్లు గిటు!" అని అరిచారు వెనక నుంచి.

"తెలుసు!" అన్నాను. "హనుమకొండ చౌరస్తా దాక పోయి వస్తా."